రాజీ ఎప్పుడు న్యాయమవుతుంది?

న్యాయస్థానానికి చేరే వివాదాలలో దాంపత్య వివాదానిది ఒక ప్రత్యేకమైన స్థానం. పొలం గట్టు తగాదాలో వాది, ప్రతివాది గట్టుకు చెరొక వైపున ఉంటారు. తీర్పు వెలువడిన తరువాత ఎవరి పొలంలోకి వారు వెళ్ళిపోతారు. అప్పు దావాలో బాకీ తీరితే సంబంధమూ తీరుతుంది. భార్యాభర్తల వ్యాజ్యంలో మాత్రం వివాదాస్పదమైన విషయం వారి మధ్యనున్న సంబంధమే. సాక్ష్యం చెప్పవలసిన వారు ఇంటివారే. తీర్పు వచ్చిన తరువాత కూడా బిడ్డ రూపంలో ఆ సంబంధం కొనసాగవచ్చు. అందువలన ఈ వ్యాజ్యాన్ని ఇతర వ్యాజ్యాలవలె నడపరాదని, ఇక్కడ గెలుపు ఓటముల కన్న సయోధ్యకు ప్రాధాన్యం ఉండాలని చట్టం భావించింది. ఈ భావన ఉదాత్తమైనదే. అయితే దాని వెన్నంటే ఒక ప్రశ్న వస్తుంది. న్యాయస్థానంలో కుదిరిన ప్రతి రాజీ న్యాయమేనా? కాకపోతే న్యాయమైన రాజీని గుర్తించడానికి కొలబద్ద ఏమిటి?

కుటుంబ న్యాయస్థానం అనే ఆలోచన మన దేశంలో వేళ్ళూనుకోవడంలో ఒక తెలుగు మహిళ పాత్ర ఉన్నది. 1909లో రాజమండ్రిలో జన్మించి, రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలిగా పనిచేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనాలో పర్యటించినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరును పరిశీలించారు. తిరిగి వచ్చిన తరువాత న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతో చర్చించి, మన దేశంలోనూ అటువంటి న్యాయస్థానాలను నెలకొల్పవలసిందిగా ప్రధాని నెహ్రూకు ప్రతిపాదించారు. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో, కుటుంబ వివాదాలను సాధారణ సివిల్ వ్యాజ్యాలకు భిన్నమైన పద్ధతిలో విచారించాలని అభిప్రాయపడింది. 1976లో సివిల్ ప్రక్రియా స్మృతికి ఇందుకోసం ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఎట్టకేలకు 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని ఆమోదించింది. అప్పటికి దుర్గాబాయి కన్నుమూసి మూడేళ్ళు దాటింది.

పది లక్షలకు మించిన జనాభా గల ప్రతి నగరంలోను కుటుంబ న్యాయస్థానాన్ని ఏర్పాటు చేయడం ఈ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత. ఇతర ప్రాంతాలలో అవసరాన్ని బట్టి నెలకొల్పవచ్చు. ఇవి లేని చోట విడాకుల పిటిషన్లు సివిల్ న్యాయస్థానంలోను, మనోవర్తి దరఖాస్తులు మేజిస్ట్రేటు వద్దను నడుస్తాయి. ఒకే కాపురానికి సంబంధించిన కష్టం ఇలా రెండు మూడు చోట్ల, రెండు మూడు నంబర్లతో నడవడం వలన కలిగే ఇబ్బందిని తొలగించడం కూడా ఈ చట్టం ఉద్దేశాలలో ఒకటి.

చట్టం పీఠికలో రెండు లక్ష్యాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వివాహ, కుటుంబ వివాదాలలో సయోధ్యను పెంపొందించడం మొదటిది. ఆ వివాదాలను సత్వరం పరిష్కరించడం రెండవది. న్యాయమూర్తుల ఎంపికలో వివాహవ్యవస్థను కాపాడాలన్న నిబద్ధత, పిల్లల సంక్షేమం పట్ల శ్రద్ధ ఉన్నవారిని చూడాలని, స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతున్నది. రాజీకి అవకాశం ఉన్నదని తోచినప్పుడు విచారణను వాయిదా వేసి అందుకు ప్రయత్నించవచ్చునని తొమ్మిదవ సెక్షను పేర్కొంటున్నది. న్యాయవాది ద్వారా వాదించడం కక్షిదారుకు హక్కుగా లభించదు. అందుకు న్యాయస్థానం అనుమతి కావాలి. ఇరుపక్షాలలో ఏ ఒక్కరు కోరినా విచారణ బహిరంగంగా జరగరాదు. సాక్ష్య నియమాల కాఠిన్యాన్ని సడలించారు. సలహాదారులకు, సంక్షేమ సంస్థలకు, వైద్య నిపుణులకు ఇందులో స్థానం కల్పించారు. న్యాయమూర్తి ఎత్తైన పీఠం దిగివచ్చి, కుటుంబ పెద్దవలె ఇరువురి మాట వినాలన్నదే ఈ ఏర్పాట్ల సారాంశం.

సయోధ్యకు సమయం కావాలి. సత్వర పరిష్కారానికి సమయం తగ్గాలి. ఈ రెండు లక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగుతాయని చట్టం విశ్వసించింది. ఆ విశ్వాసం ఆచరణలో ఏ రూపం దాలుస్తున్నదో తెలియాలంటే చట్టపుస్తకం మూసి న్యాయస్థానం వరండాలోకి వెళ్ళాలి.

ఒక జిల్లా కేంద్రంలోని న్యాయస్థానాన్ని ఊహించుకోవచ్చు. మనోవర్తి కోసం ఎం.సి. దాఖలు చేసిన ఒక కూలి స్త్రీ తన ఊరి నుంచి మొదటి బస్సుకు బయలుదేరి, చంటిబిడ్డతో పదిన్నరకల్లా అక్కడికి చేరుకున్నది. బంట్రోతు పేర్లు మూడుసార్లు పిలుస్తాడు. మొదటి వాయిదాకు భర్తకు పంపిన నోటీసు, ఇంటికి తాళం వేసి ఉన్నదన్న వ్రాతతో తిరిగి వస్తుంది. రెండవ వాయిదాకు అతని తరఫున వకాల్తా దాఖలవుతుంది. మూడవ వాయిదాకు కౌంటరు వేయడానికి గడువు అడుగుతారు. నాలుగవ నాడు న్యాయమూర్తి సెలవులో ఉంటారు. అయిదవ నాడు కౌన్సెలింగుకు పంపుతారు. ఆ రోజున భర్త రాడు. ఈ జాబితాలో చట్టవిరుద్ధమైనది ఒక్కటీ లేదు. నోటీసు అందాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, న్యాయమూర్తికీ సెలవు కావాలి. ఏ ఒక్కరినీ తప్పుపట్టడానికి వీలులేదు. కాని ప్రతి వాయిదా ఆమెకు ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ, బిడ్డకు ఒక పూట ఆకలి. ఏడాది గడిచిన తరువాత భర్త తరఫువారు ఒక మొత్తం చూపి, ఇది పుచ్చుకొని అన్ని కేసులు ఉపసంహరించుకోమంటారు. ఆమె అడిగినదానికి, వారు చూపినదానికి ఎంతో దూరం ఉన్నది. ఆమె సరేనంటుంది. ఉభయుల సమ్మతితో వివాదం పరిష్కారమైనదని రికార్డులో నమోదవుతుంది.

ఇక్కడ సమ్మతి ఉన్నదనడంలో సందేహం లేదు. ఆమె వేలిముద్ర వేసింది. ఎవరూ చెయ్యి పట్టి వేయించలేదు. అయితే ఆమె సమ్మతించినది ఆ మొత్తానికా, లేక ఇకపై వాయిదాలు ఉండవన్న ఊరటకా?

కాలం తటస్థమైనదని సామాన్యంగా భావిస్తాం. ఇరుపక్షాలకూ ఒకే తేదీ ఇచ్చినందువలన ఇరువురినీ సమానంగా చూసినట్లు అనిపిస్తుంది. కాని నెలజీతం వచ్చే మనిషికి మూడు నెలల వాయిదా వేరు, పుట్టింటి వసారాలో తలదాచుకున్న మనిషికి మూడు నెలల వాయిదా వేరు. బిడ్డ విషయంలో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. మైనరు సంక్షేమమే సర్వోన్నతమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతున్నది. వ్యాజ్యం నాలుగేళ్ళు నడిస్తే న్యాయస్థానానికి అది ఒక పాత నంబరు. ఆరేళ్ళ పిల్లకు అది తన జీవితంలో మూడింట రెండు వంతులు. ఆ నాలుగేళ్ళు బిడ్డ ఎవరి వద్ద ఉంటే ఆ ఇంటికే అలవాటుపడుతుంది. చివరకు తీర్పు ఆ అలవాటునే ప్రధానంగా లెక్కించవలసి వస్తుంది. అంటే తీర్పులో సగభాగాన్ని వాయిదాలు ముందే వ్రాసి ఉంచాయన్నమాట.

ఓర్చుకోగలిగినవారు రాజీ షరతులను నిర్ణయిస్తారు, ఓర్చుకోలేనివారు వాటిని అంగీకరిస్తారు అన్నది చరిత్ర పొడవునా కనిపించే సత్యం. కౌటిల్యుని అర్థశాస్త్రం వివాహ విమోచనాన్ని చర్చించింది. ధర్మ్య వివాహాలుగా పరిగణించిన నాలుగు రకాలలో విమోచనం లేదన్నది. మిగిలినవాటిలో ఒకరికి అయిష్టం ఉన్నంత మాత్రాన రెండవవారు అంగీకరించనిదే విమోచనం లేదనీ, పరస్పర ద్వేషం ఉంటే విడిపోవచ్చుననీ చెప్పింది. విడుదల కోరినది పురుషుడైతే స్త్రీ నుంచి తీసుకొన్నది తిరిగి ఇవ్వాలి. కోరినది స్త్రీ అయితే అది ఆమెకు తిరిగి రాదు. రెండు వేల సంవత్సరాల నాటి ఈ ఏర్పాటులో ఒక సూక్ష్మం ఉన్నది. విముక్తి తాళంచెవి విడిపోవడానికి ఇష్టపడని పక్షం చేతిలో ఉంటుంది. ఆ తాళంచెవికి ఒక వెల ఉంటుంది.

ఆ వెల ఏమిటో పందొమ్మిదవ శతాబ్దపు బొంబాయిలో దేశమంతా చూసింది. పదకొండేళ్ళ ప్రాయంలో వివాహమైన రుఖ్మాబాయి యుక్తవయస్సు వచ్చిన తరువాత భర్త ఇంటికి వెళ్ళడానికి నిరాకరించింది. దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోసం భర్త దాదాజీ భికాజీ దావా వేశాడు. 1885లో న్యాయమూర్తి పిన్హే ఆ దావాను తోసిపుచ్చారు. అప్పీలు తరువాత కేసు మళ్ళీ విచారణకు వచ్చి, 1887లో భర్త వద్దకు వెళ్ళవలసిందనీ, లేకుంటే ఆరు నెలల వరకు జైలు తప్పదనీ తీర్పు వెలువడింది. రుఖ్మాబాయి జైలుకైనా సిద్ధమన్నది. చివరకు 1888లో రాజీ కుదిరింది. రెండు వేల రూపాయలు పుచ్చుకొని భర్త తన హక్కును వదులుకున్నాడు. ఆమె లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి తిరిగివచ్చి దీర్ఘకాలం వైద్యురాలిగా సేవచేసింది.

దీనిని స్వేచ్ఛ సాధించిన విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. అది నిజమే. కాని ఆ విజయం వెనుక ఉన్నది ఏమిటన్నది కూడా గమనార్హం. ఆమెకు విద్యావంతుడైన సవతి తండ్రి ఉన్నాడు; పత్రికలలో వ్రాయగల కలం ఉన్నది; ఆమె పక్షాన నిధులు సేకరించిన మిత్రులున్నారు. వాయిదాలను ఓర్చుకోగల శక్తి ఉన్నందువలననే ఆమె కాదనగలిగింది. కాదనగలిగినందువలననే ఆమె కుదుర్చుకొన్న రాజీకి గౌరవం ఉన్నది. ఆ అండ ఏదీ లేని స్త్రీ అదే న్యాయస్థానంలో నిలబడి ఉంటే ఆమె కూడా రాజీపడేది. భర్త వెంట నడిచి వెళ్ళిపోయేది. రికార్డులో రెండూ రాజీలే.

ఈ దావా రూపం వలస పాలనతోపాటు అంతరించలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం తొమ్మిదవ సెక్షనుగా కొనసాగింది. 1983లో నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించారు. ఎవరితో జీవించాలో, తన శరీరంపై ఎవరికి చనువు ఇవ్వాలో నిర్ణయించుకొనే హక్కు వ్యక్తిదేననీ, రాజ్యం డిక్రీ ద్వారా దానిని శాసించరాదనీ ఆయన తీర్పు సారాంశం. చట్టం స్త్రీపురుషులను సమానంగా చూసినట్లు కనిపించినా, దాని ఫలితం ఇద్దరిపై సమానంగా ఉండదని కూడా ఆ తీర్పు గుర్తించింది. 1984లో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని అంగీకరించక, సెక్షను చెల్లుబాటవుతుందని తేల్చింది. వివాహాన్ని నిలబెట్టడమనే సామాజిక ప్రయోజనం అందులో ఉన్నదని భావించింది. ఆసక్తికరమైన విషయమేమంటే, కలిసి ఉండవలసిందన్న డిక్రీ వచ్చిన తరువాత ఏడాదిపాటు కాపురం సాగకపోతే, అదే ఆధారంగా విడాకులు కోరవచ్చునని ఈ చట్టమే చెబుతున్నది. కలపడానికి ఇచ్చిన డిక్రీ విడదీయడానికి మెట్టుగా మారుతుంది. బలవంతపు సయోధ్యకు చట్టమే ఇచ్చుకొన్న సమాధానంగా దీనిని భావించవచ్చు.

పరస్పర అంగీకారంతో విడాకులు పొందే అవకాశం హిందూ వివాహ చట్టంలోకి 1976 సవరణ ద్వారా వచ్చింది. ఒక ఏడాది విడిగా ఉన్న దంపతులు కలిసి పిటిషన్ వేసి, ఆరు నెలల తరువాత, పద్ధెనిమిది నెలలలోపు మళ్ళీ వచ్చి తమ అభిప్రాయం మారలేదని చెప్పాలి. ఆవేశంలో తీసుకొన్న నిర్ణయం చల్లారడానికి ఈ ఆరు నెలలు ఉద్దేశించారు. కాని ఏళ్ళ తరబడి విడిగా ఉన్నవారికి చల్లారవలసిన ఆవేశమే మిగిలి ఉండదు. 2017లో సుప్రీంకోర్టు ఈ ఆరు నెలల వ్యవధి తప్పనిసరి కాదనీ, తగిన సందర్భాలలో మినహాయించవచ్చుననీ తీర్పు చెప్పింది. ఒకరు అంగీకరించకపోతే మాత్రం క్రూరత్వం, పరిత్యాగం వంటి నేరారోపణను నిరూపించవలసిందే. తిరిగి అతకనంతగా విరిగిన వివాహాన్ని ఆ కారణంగానే రద్దుచేసే వీలు కల్పించాలని లా కమిషన్ 1978లోనే తన 71వ నివేదికలో సూచించింది. అది శాసనంగా రూపొందలేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 142వ అధికరణం కింద తాను అటువంటి వివాహాన్ని రద్దుచేయగలనని ప్రకటించింది. అయితే ఆ అధికారం అత్యున్నత న్యాయస్థానానికే పరిమితం. జిల్లా న్యాయస్థానం మెట్లమీద కూర్చున్న దంపతులకు అది అందుబాటులో లేదు.

ఈ సంస్కరణను వెంటనే చేపట్టాలని కోరేవారి వాదన బలమైనది. మనస్సు విరిగినచోట నేరం ఎవరిదని త్రవ్వడం వలన మిగిలిన మర్యాద కూడా నశిస్తుంది. దీనిని వ్యతిరేకించేవారి భయం కూడా త్రోసిపుచ్చదగినది కాదు. భర్త ఆస్తిలో భార్య శ్రమకు లెక్కలేని సమాజంలో, విడిపోవడం సులభమైతే ఆమె వీధిలో పడుతుందని వారు అంటారు. నిశితంగా పరిశీలిస్తే రెండు పక్షాలూ ఒకే అంశం చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె చేతిలో జీవనాధారం లేనంతకాలం కలిసి ఉండటమూ, విడిపోవడమూ కూడా ఆమె ఎంపిక కావు.

కులపెద్దల పంచాయతీని ఇక్కడ ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. శాసనం విడాకులను గుర్తించడానికి చాలాకాలం ముందే తెలుగునాట అనేక కులాలలో పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకోవడం, మారుమనువు ఆడటం ఆచారంగా ఉండేవి. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1949లో అక్కడి శాసనసభ హిందువులకు విడాకుల చట్టం చేసింది. 1955 నాటి కేంద్ర చట్టం ఆచార విడాకులను 29వ సెక్షనులో అలాగే నిలిపి ఉంచింది. ఖర్చు లేకుండా, ఒక్క పూటలో, సారె సామాను అప్పగింతతో సహా వ్యవహారం ముగియడం పంచాయతీ సుగుణం. పెద్దలు ఎవరి బంధువులన్నదానిపై తీర్పు ఆధారపడటం దాని దోషం. ఆచారం ఉన్నదని న్యాయస్థానంలో నిరూపించలేకపోతే ఆ విడాకులు చెల్లవు. అటువంటి విడాకులను నమ్మి మారుమనువు ఆడిన స్త్రీ తాను భార్యనని చెప్పుకొనే అవకాశాన్నే కోల్పోతుంది. పంచాయతీ వేగాన్ని, న్యాయస్థానం నిష్పక్షపాతాన్ని ఒకచోట చేర్చాలన్న ఆకాంక్షయే కుటుంబ న్యాయస్థానం. ఆ రెండింటి దోషాలు, అనగా పంచాయతీ ఒత్తిడి, న్యాయస్థానం జాప్యం, ఒకచోట చేరే ప్రమాదం కూడా అందులోనే ఉన్నది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి రాజీ చెడ్డదని భావించరాదు. మాటపట్టింపులతో, పెద్దల పంతాలతో విడిపోయిన దంపతులను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించినందువలన నిలబడిన కాపురాలు ఉన్నాయి. విడిపోక తప్పనివారు కూడా బిడ్డ బడి ఫీజు గురించి, పండుగ సెలవుల గురించి ఒక అవగాహనకు వస్తే, ఏ డిక్రీ సాధించలేని మేలు జరుగుతుంది. బలహీనపక్షం ఎప్పుడూ స్త్రీయేనని కూడా చెప్పలేం. దినకూలితో బ్రతుకుతూ ప్రతి వాయిదాకు పని పోగొట్టుకొనే భర్త ఉన్నాడు. బిడ్డ ముఖం చూడటానికి నెలల తరబడి తిరిగే తండ్రి ఉన్నాడు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద మధ్యంతర భరణం కోరే హక్కు భార్యాభర్తలిద్దరికీ ఉన్నది. ప్రశ్న స్త్రీ, పురుషుడు అన్నది కాదు. ఎవరు వేచి ఉండగలరు, ఎవరు ఉండలేరు అన్నది.

ఇక్కడికి వచ్చిన తరువాత మొదట వేసుకొన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. కాదనగల స్థితిలో ఉన్న మనిషి అవునన్నప్పుడే ఆ రాజీ న్యాయమవుతుంది. ఈ సూత్రాన్ని చట్టమే మరొక దారిన నొక్కిచెబుతున్నది. కుటుంబ న్యాయస్థానం సమ్మతితో ఇచ్చిన డిక్రీపై అప్పీలు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం లోక్‌అదాలత్ అవార్డుపైనా అప్పీలు లేదు. పోరాడి ఓడిన కక్షిదారుకు పైకోర్టు ఉన్నది. ఒప్పుకొన్న కక్షిదారుకు లేదు. స్వేచ్ఛగా ఒప్పుకొన్నారన్న నమ్మకంపైననే చట్టం ఆ తలుపు మూసివేసింది. కనుక తలుపు మూసేముందు ఆ స్వేచ్ఛ నిజంగా ఉన్నదో లేదో చూడవలసిన బాధ్యత కూడా రెట్టింపవుతుంది.

ఆ స్వేచ్ఛకు మొదటి ఆధారం మనోవర్తి. దానిని వ్యాజ్యం చివర లభించే ఫలంగా కాక, వ్యాజ్యం నడవడానికే అవసరమైన షరతుగా చూడాలి. ఈ విషయంలో చట్టం పూర్తిగా మౌనంగా లేదు. నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షను కింద మనోవర్తి నెలకు 500 రూపాయలకు మించరాదన్న పరిమితిని 2001లో తొలగించారు. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజులలో, సాధ్యమైనంత వరకు, పరిష్కరించాలని అదే సంవత్సరం సవరణలలో చేర్చారు. 2003 సవరణతో భార్య తాను నివసిస్తున్న చోటనే పిటిషన్ వేసే వీలు కలిగింది. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇరుపక్షాలూ తమ ఆస్తిపాస్తులు, ఆదాయ వ్యయాలు తెలుపుతూ ప్రమాణపత్రం దాఖలు చేయాలనీ, దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి లభించాలనీ ఆదేశించింది. 2024 జూలై 1 నుంచి పాత స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనులో ఈ హక్కు కొనసాగుతున్నది.

అయినా ఒక అంతరం కనిపిస్తుంది. పార్లమెంటు చెప్పినది 60 రోజులు. 2020 తీర్పు మధ్యంతర భరణంపై గరిష్ఠంగా నాలుగు నుంచి ఆరు నెలలలో నిర్ణయం వెలువడాలన్నది. శాసనానికి, వాస్తవానికి మధ్యనున్న దూరాన్ని అత్యున్నత న్యాయస్థానమే ఇలా అంగీకరించవలసి వచ్చింది. ఉత్తర్వు వచ్చిన తరువాత దాని అమలు మరొక వ్యాజ్యం. బకాయి చెల్లించని వ్యక్తిని జైలుకు పంపవచ్చు; జైలుకు వెళ్ళినంత మాత్రాన బాకీ తీరదని 1989లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాకీ తీరదు సరే, బియ్యం ఎక్కడినుంచి వస్తాయి? ఏడాది లోపల అమలు దరఖాస్తు వేయకపోతే ఆ బకాయికి వారంటు కోరే హక్కు కూడా పోతుంది. ఈ గడువు సంగతి తెలియని స్త్రీలకు అది తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. ఆ మాట ఆమెకు మొదటి వాయిదానాడే, ఆమె భాషలో ఎవరైనా చెప్పినప్పుడే అది హక్కు అవుతుంది.

పరిపాలనా వ్యవస్థలో ఉన్నవారు ఆలోచించవలసిన అంశం మరొకటి ఉన్నది. న్యాయస్థానం పనితీరును పరిష్కారమైన కేసుల సంఖ్యతో కొలుస్తారు. నెలసరి పట్టికలో రాజీ అయిన కేసు, ఉపసంహరించుకొన్న కేసు, కక్షిదారు హాజరుకానందువలన కొట్టివేసిన కేసు అన్నీ పరిష్కారాలుగానే లెక్కకు వస్తాయి. పట్టిక అబద్ధం చెప్పదు. కాని ఆ గడులలో అలసిపోయి ఇంటికి వెళ్ళిపోయిన మనిషికి గడి లేదు. ఉపసంహరణను నమోదు చేసేముందు కారణం అడిగితే, రాజీని నమోదు చేసేముందు ఇరువురితో విడివిడిగా మాట్లాడి అప్పటికి మధ్యంతర భరణం అందుతున్నదా అని విచారిస్తే, పరిష్కారాల సంఖ్య కొంత తగ్గవచ్చు. తగ్గిన మేరకు అది నిజమైన సంఖ్య అవుతుంది. కౌన్సెలింగుకు పంపేముందు మధ్యంతర భరణం దరఖాస్తుపై ఉత్తర్వు ఇవ్వడానికి కొత్త శాసనం అక్కరలేదు; పిలుపు పట్టికలో వరుస మారితే చాలు.

సయోధ్యను, సత్వర పరిష్కారాన్ని ఒకే వాక్యంలో చేర్చిన పీఠికకు అప్పుడే అర్థం ఏర్పడుతుంది. ఆ కూలి స్త్రీ మళ్ళీ మొదటి బస్సుకు బయలుదేరి రావలసి రావచ్చు. భర్త తరఫువారు అదే మొత్తం చూపవచ్చు. ఈసారి ఆమె ఇంట్లో ఆ నెల బియ్యం ఉన్నట్లయితే, ఆమె ఆలోచించి సరేనంటుంది, లేదా వద్దంటుంది. ఏది చెప్పినా అది ఆమె మాట. న్యాయస్థానం నమోదు చేసుకోవలసింది ఆ మాటను.